నీకు నచ్చిన నీళ్లేవి, ఈదయ్యా?

హాలియా దాటినంక కాల్వ గట్టు మీద
తడి లుంగీ పిండుకుంటున్న.
పంచనామా అయిపోయింది, అంబులెన్సు పోయింది.
కొత్తగొచ్చిన ఎస్సై మేడమ్ చాయ గ్లాసు చేతికిచ్చి
పని మాట గాదు, ఊరికెనే అడిగింది:
"ఈత కొట్టుడుకు నీకు నచ్చిన జాగ ఏది, ఈదయ్యా?"

ఇరవై రెండేండ్లాయె ఈ పనికి.
ఎంత లోతుంటది అని అడిగిండ్రు,
ఎంత తీసుకుంటవ్ అని అడిగిండ్రు,
దొరుకుతడా అని కాళ్లు పట్టుకొని అడిగిండ్రు.
నచ్చుడు సంగతి ఎవలూ అడగలే.

చాయ చల్లారుతుంది. నేను లెక్కవెడుతున్న.

వాడపల్లిల కిష్ణ, మూసీ కలిసే తావు మంచిదే మేడమ్.
ఒక చెయ్యి ఒక నదిల, ఇంకో చెయ్యి ఇంకో నదిల.
ఈ పక్క సల్లగ, ఆ పక్క గోరెచ్చగ.
పట్నం కడుక్కున్న నురుగు మీసాలకంటుతది.
కండ్లు మూసుకున్నా చెప్త, ఏది ఏదో.

డిండి అలుగు దుంకినప్పుడు కింద నిలవడితే
వీపు మీద పదిమంది గుద్దినట్టుంటది,
పదకొండోడు గూడ వస్తే బాగుండనిపిస్తది.

సోమశిల కాడ నీళ్లు పచ్చగ, సీసపెంకు లెక్క.
మునిగిన ఊర్ల మీదికెళ్లి ఈదుతున్ననని
తెల్వక ముందు ఇంకా బాగుండె.
ఎండకాలం నీళ్లు దిగితే గోడలు తేల్తయి.
ఒకపాలి ఎవలదో రోలు మీద కూసోని
ఊపిరి తీసుకున్న. లేసేటప్పుడు దండం పెట్టిన.

గ్రానైటు గుంత వద్దు.
నీలంగ పిలుస్తది. మెట్టుండదు, పట్టుకొమ్మ ఉండదు.
ఇంటర్ పోరగాండ్లు ముగ్గురు, ఒకే ఆదివారం.
దాని ముచ్చట గంతే.

మోటర్లు పడిపోయిన బాయిలు నచ్చుతయి నాకు.
పాతాళగరిగె అందని కాడికి నేనందుత.
బురదల చెయ్యి వెడితే ఇనుము తగులుతది.
ఇనుమైతే పానం నిమ్మళం.
ఒకకాడ మోటరుతోని వెండి పట్టగొలుసొచ్చింది.
రైతు భార్య చూసి నవ్వింది,
ఎవలదో చెప్పలే, కొంగుల ముడేసుకుంది.

అసలు చెప్పాలంటే మేడమ్,
మర్రిగూడ దిక్కు మా చెలక బాయి.
మోట పోయి రాళ్లు మిగిలినయి,
గూట్లల్ల పావురాలుండె.
ఆ నీళ్లే తాగి మా అన్న వెంకులు
పన్నెండేండ్లకే కొడవలి లెక్క వంగిండు.
బడికి పోవుడు నా వీపు మీదనే.
మెడ లేవకపోయేది, వాడు చూసేదంత
మట్టి, చీమలు, మనుషుల కాళ్లు.
చెప్పుల్ని వట్టి పేర్లు చెప్పేటోడు.

ఎండకాలం రెండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టి
మెట్టు మెట్టుకు కూసోవెట్టి దింపేటోన్ని.
నీళ్ల మీద వెల్లకిల పండేటోడు.
తాగితే బొక్కలు వంచిన నీళ్లే
మీద పంటే సాపు చేస్తున్నట్టుండె.
"అగో, గద్ద" అనేటోడు.
"అగో, ఇంకోటి."
బాయంత ఆకాశం. వానికి సాలు.
నేను మునిగి కిందికెళ్లి చూస్తే
ఎండల వాని నీడ ఒక్కటే కనవడేది,
వంగిందో లేదో తెలువకపోయేది.

ఇప్పుడు నల్లాలల్ల కిష్ణ నీళ్లొస్తున్నయి, మంచిదే.
బాయిల మొరం పోసి ప్లాట్లు గీసిండ్రు.
అన్న లేడు. నీళ్లల్ల గాదు మేడమ్, మంచంల పోయిండు.
ఆ బాయిల నుంచి నేను
ఏదీ తియ్యలే ఎన్నడు, వాన్ని తప్ప,
వాన్ని గూడ రోజూ నవ్వుతుంటెనే తీసిన.

మేడమ్ జెరసేపు కాల్వ దిక్కు చూసింది.
"నాకు ఈత రాదు, నేర్పుతవా?" అంది,
టోపీ తీసి చేతుల వట్టుకొని.

నేర్పుత గని, సొరకాయ బుర్రలు దొరకాలె.
ఇప్పుడెవలూ తీగ మీద ఎండనిస్తలేరు,
లేతగున్నప్పుడే కోసి అంగడికి తోల్తున్నరు.
మా పెరట్ల ఈసారి రెండు కాయలు
కొయ్యకుంట ఇడిసిపెడత.